గూట్లో మనిషి

ఆగస్టు పదో తారీఖు పొద్దున పదకొండింటికి రిహార్సల్ జరుగుతుండగా కంపెనీ యజమాని ఫొకాస్ వచ్చాడు. ముందు వరసలో ఒక కుర్చీ లాక్కుని, తిరగేసి, దాని వీపు మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. వేసవి థియేటర్‌కి కప్పు ఉండదు. ఏథెన్స్ ఎండ నేరుగా స్టేజి మీద పడుతోంది. అగ్లాయ గొడుగు వేసుకుని ప్రేమ సంభాషణ చెబుతోంది.

"అగ్లాయా, నీ సన్మానం ఇరవై ఎనిమిదిన పెట్టాను. ముప్పై ఏళ్ళయింది గదా నువ్వు ముఖానికి రంగేసుకుని. పేపర్లకి కూడా చెప్పేశాను" అన్నాడు.

"చలికాలం సంగతేంటి?"

"సన్మానం కానీ, చూద్దాం."

"చూసేదేముంది ఫొకాస్ గారూ? కొత్త నాటకంలో పెద్ద వేషం నాదా, ఆ పిల్లదా?"

ఆ పిల్ల రెనా. ఇరవై రెండేళ్ళది. వెనక గోడకి ఆనుకుని నువ్వుల రొట్టె కొరుక్కుంటోంది. తన మాట వచ్చేసరికి నమలడం ఆపింది.

ఫొకాస్ మెడ తుడుచుకున్నాడు. "దాపరికం ఎందుకు, చెప్పేస్తా విను. ఆ రాత్రి నాటకం చివర నువ్వు ముందుకొచ్చి జనానికి నాలుగు ముక్కలు చెప్తావు. అందులో 'చలికాలం కూడా నన్ను ఇక్కడే చూస్తారు' అని ఒక ముక్క చేర్చు. జనంలో ఆ మాట పడ్డాక కాదనడానికి నేనెవణ్ణి? వేషం నీది. మధ్యలో తడబడ్డావా, ఆ పిల్లది. ఈ మధ్య నువ్వు తడబడుతున్నావని విన్నాను."

"ఎవడా కూసింది?"

"ఎవడైతేనేం. గూట్లో మనిషి మాత్రం కాదులే. వాడికి సొంత మాటెక్కడిది?"

అందరూ నవ్వారు. అగ్లాయ కూడా నవ్వింది.

గూట్లో మనిషి ఆమె మొగుడు అనేస్తిస్. స్టేజి ముందంచున చెక్కలు కోసి చేసిన గొయ్యిలో, తలమీద చిన్న చెక్క కప్పు కింద, ఒక ముక్కాలిపీట మీద కూర్చుని ఉంటాడు. ఎదురుగా నాటకం రాసిన కాగితాలు, పక్కన చిన్న దీపం. జనానికి ఆ చెక్క కప్పు వీపే కనిపిస్తుంది. స్టేజి మీది వాళ్ళకి అతని ముఖం కనిపిస్తుంది. అతనికి కనిపించేది బూట్లు. ముప్పై ఏళ్ళుగా అతని పని మాట అందించడం. ఆ రోజుల్లో నాటకాలు పదిహేను రోజులకొకటి మారేవి. ఊళ్ళు తిరిగే కంపెనీల్లో అయితే పూటకొకటి. వేషాలు పూర్తిగా బట్టీ పట్టే తీరిక ఎవరికీ లేదు. గూట్లోంచి వచ్చిన మాటని చెవితో పట్టుకుని నోటితో ఆడించడమే నటన. అందరూ అలాగే చేసేవాళ్ళు. అగ్లాయ అందరికంటే బాగా చేసేది.

ఆమెది వోలోస్. పదిహేడేళ్ళప్పుడు పొగాకు ఫ్యాక్టరీలో ఆకులు ఏరుతూ పాడుతుంటే ఊళ్ళోకి వచ్చిన కంపెనీవాళ్ళు విని తీసుకుపోయారు. గొంతు ఉంది, ముఖం ఉంది. చదువు లేదు. పేరు రాయడం కూడా రాదు. అదే కంపెనీలో అనేస్తిస్ ప్రాంప్టరు. పెలియోన్ కొండల్లో పల్లెటూరి బడిలో ఆరో తరగతి దాకా చదివినవాడు. మేస్టారి బెత్తం పుణ్యాన వేగంగా చదవడం, స్పష్టంగా పలకడం వచ్చింది. అతను చదివేవాడు, ఆమె వినేది. లామియాలో ఒక వర్షాకాలం ఆట లేక పడి ఉన్నప్పుడు పెళ్ళి చేసుకున్నారు. ఎందుకు చేసుకున్నావని ఎవరైనా అడిగితే, "చదివేవాడు ఒకడు ఉండాలి గదా" అనేది. అతను దాన్ని సరసం అనుకున్నాడు.

పన్నెండేళ్ళలో అగ్లాయ పేరు పోస్టర్ అడుగు నుంచి పైకి పాకింది. యుద్ధంలో వచ్చిన కరువు చలికాలంలో చిక్కుడు గింజల కోసం సైనికుల ముందు పాడింది. అప్పుడు కూడా అనేస్తిస్ గూట్లోనే ఉన్నాడు. ఆకలికి అతని గొంతు పోతే, పెదాలు ఆడించి మాట అందించాడు. యుద్ధం అయ్యాక ఏథెన్స్ ఆమెని నెత్తిన పెట్టుకుంది. పాటకి మూడు మూడు సార్లు వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. చుట్టుపక్కల మేడల మీద ఆడవాళ్ళు వంటలు వదిలేసి బాల్కనీల్లోకి వచ్చి వినేవాళ్ళు. పోస్టర్ మీద ఆమె పేరు అందరికంటే పైన, అందరికంటే పెద్దగా పడింది. అనేస్తిస్ పేరు ఎక్కడా పడలేదు. ప్రాంప్టరు పేరు పోస్టర్ మీద వేయరు.

తర్వాత కలమాతా జరిగింది.

కలమాతాలో నెల రోజుల మకాం. నాయకుడి వేషం లినార్దోస్‌ది. పొడుగైనవాడు, జుట్టుకి సువాసన నూనె రాసేవాడు, రెండు రంగుల బూట్లు తొడిగేవాడు. ఒక రాత్రి మూడో అంకంలో ఆ రెండు రంగుల బూటు వచ్చి అగ్లాయ బూటు మీద మెల్లగా ఆనింది. కాగితంలో అలాంటిది రాసిలేదు. అనేస్తిస్ మాట అందిస్తూనే చూశాడు. మర్నాడు కూడా ఆనింది. నాలుగో రోజు అగ్లాయ బూటు ముందుగా వెళ్ళింది. మొగుడు చూస్తాడని ఆమెకి తోచలేదు. చూసినా ఏం చేస్తాడని అనుకుందేమో.

వారానికి కంపెనీ అంతటికీ తెలిసింది. హాస్యగాడు దాని మీద ఒక అంశం కట్టాడు. తలకి మేక కొమ్ములు కట్టుకుని, చిలక పంజరంలో కూర్చుని, పెళ్ళాం చెప్పిన మాటలు పెళ్ళానికే తిరిగి చెప్పే మొగుడి వేషం. కొమ్ములు ఎవరికి మొలుస్తాయో కలమాతాలో చంటిపిల్లలకి కూడా తెలుసు, పెళ్ళాం పరాయి పక్క ఎక్కిన మొగుడికి. అగ్లాయ ఆ అంశంలో పాడింది. పాట చివర బూటు మొనతో గూటి కప్పు మీద మూడుసార్లు కొట్టింది. జనం విరగబడి నవ్వారు. ఆ హాస్యగాడికి మాటలు రాకపోతే అందించింది అనేస్తిస్సే. ఒక్క మాట కూడా తప్పు పోనివ్వలేదు.

ఆ రాత్రి బసలో అడిగాడు. "ఎందుకు చేశావిలా?"

"నువ్వు గూట్లో ఉండే మనిషివి. అందించడం నీ పని. అడగడం కాదు" అంది.

లినార్దోస్ తర్వాత అలెగ్జాండ్రియా వెళ్ళి అక్కడే ఎవరినో చేసుకుని ఉండిపోయాడు. అగ్లాయ ఒక నెల ఏడ్చింది, మానేసింది. అనేస్తిస్ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తొమ్మిదేళ్ళు ఎత్తలేదు. అతను క్షమించాడని కంపెనీలో అనుకున్నారు. క్షమించే మనిషి నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాడు. అనేస్తిస్ తిట్టలేదు.

ఈ ఏడు ఈస్టర్ పండుగ నుంచి అగ్లాయకి మాట పోవడం మొదలైంది. ముందు ఇంట్లో పోయింది. ఉప్పుని చూపించి "అది, అది" అనేది. ముప్పై ఏళ్ళుగా బట్టలు తొడుగుతున్న ముసలి ఫ్రోసోని పేరు పెట్టి పిలవలేక "ఒసేయ్" అనడం నేర్చింది. తర్వాత స్టేజి మీద. పాటలు పోలేదు. పాట ఎత్తితే ముప్పై ఏళ్ళనాటిదైనా అక్షరం పొల్లుపోకుండా వచ్చేది. మాటలే నిలవడం లేదు. మే నెలలో వాక్యానికి మొదటి మాట ఇస్తే మిగిలింది చెప్పేది. జూన్‌లో సగం వాక్యం ఇవ్వాల్సి వచ్చింది. జూలై వచ్చేసరికి ప్రతి మాటా ఇవ్వాలి. ఈ సంగతి ఇద్దరికే తెలుసు.

జూలైలో ఒక మధ్యాహ్నం వంటింట్లో ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పెళ్ళి తర్వాత ఆమె అతని చెయ్యి పట్టుకున్నది అదే.

"అనేస్తిస్, నన్ను వదిలెయ్యకు."

"ఎక్కడికి పోతాను?"

"అదికాదు. ఒక్క మాట కూడా వదలకు. అంతా ఇవ్వు. ఎవరికీ తెలియనివ్వకు. స్టేజి పోతే నేను చచ్చిపోతాను."

"చచ్చిపోవులే" అన్నాడు. "సార్డీన్ చేపలు చల్లారిపోతున్నాయి. తిను."

ఆ రాత్రి మొదటిసారి అతను ఒక మాటని పట్టి ఉంచాడు. ఎంతోసేపు కాదు, ఒక ఊపిరి సేపు. అగ్లాయ ఎడమ బూటు మడమ వణికింది. చెక్క మీద టకటక చిన్న చప్పుడు. అతను ఆ చప్పుడు విని అప్పుడు మాట ఇచ్చాడు. జనం దాన్ని భావం అనుకున్నారు. ఒక పేపరువాడు అగ్లాయ మౌనం గురించి పొగిడి రాశాడు. అప్పటి నుంచి ఆటకి రెండుసార్లో మూడుసార్లో పట్టి ఉంచేవాడు. ఎక్కడ పట్టి ఉంచాలో పగలే కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవాడు. ఆ రోజుల్లో అతనికి అన్నం సహించేది.

జూలై ఆఖర్లో ఒక పొరపాటు జరిగింది. చెమట కంట్లో పడి అనేస్తిస్ వరస తప్పాడు. మాట చదవబోయి, దాని కింద బ్రాకెట్లో నటులకి రాసిన సూచన చదివేశాడు. "కుర్చీలో కూలబడును, కన్నీరు తుడుచుకొనును." వేరే ఏ నటి అయినా అది మింగేసి కూలబడేది. అగ్లాయ కళ్ళనిండా బాధ పెట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, జనం వైపు తిరిగి, "కుర్చీలో కూలబడును, కన్నీరు తుడుచుకొనును" అంది.

థియేటర్ ఒక్కసారి గొల్లుమంది. అగ్లాయకి నవ్వు ఎందుకో తెలియలేదు. కానీ నవ్వు వచ్చిందంటే నిలబడి దాన్ని తాగడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. మరింత నవ్వారు. తెర వెనక ఫొకాస్, "భలే పట్టింది, రేపు కూడా అలాగే అనమను" అన్నాడు.

అనేస్తిస్ కాగితాలు మూసి, దీపం ఆర్పి, చీకట్లో చాలాసేపు కూర్చున్నాడు. చెవిలో ఏది పోస్తే అది నోట్లోంచి వస్తోంది. మధ్యలో ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

సన్మానానికి రెండు రోజుల ముందు పేపరు నుంచి ఒక కుర్రాడు ఇంటికి వచ్చాడు. కెమెరా, పెన్ను, బొద్దు మీసం. అగ్లాయ పట్టు గౌను వేసుకుని సోఫాలో కూర్చుంది. అనేస్తిస్ వంటింట్లో కాఫీ కాస్తున్నాడు.

"మేడమ్, మీ మొదటి వేషం ఏ నాటకంలో?"

అగ్లాయ నవ్వుతూ ఉండిపోయింది. నవ్వు అలాగే ఉంది, కళ్ళు వంటింటి వైపు వచ్చాయి.

"పాలమ్మే పిల్ల" అన్నాడు అనేస్తిస్ పొయ్యి దగ్గర నుంచి.

"పాలమ్మే పిల్ల" అంది అగ్లాయ.

"ఏ ఊళ్ళో?"

"లారిసా."

"లారిసా" అంది.

కుర్రాడు నవ్వాడు. "మీవారు ఇంట్లో కూడా అందిస్తున్నారే. అదృష్టవంతులండీ మీరు. ఆయన లేకపోతే ఎలా?"

మాటలు పోయాయి గానీ పొగరు పోలేదు. ఆ ఒక్క మాటకి ఆమెకి ఎవరూ అందించాల్సిన పని లేకపోయింది. "ఇలాంటివాళ్ళు ఏథెన్స్‌లో వీధికి ముగ్గురు దొరుకుతారు నాయనా. అక్షరం ముక్క వచ్చి, నోరు చిన్నదైతే చాలు" అంది.

కుర్రాడు రాసుకున్నాడు. అనేస్తిస్ కాఫీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. ట్రే మీద నీళ్ళ గ్లాసులు కదలలేదు. చెయ్యి అంత నిలకడగా ఉంది.

ఇరవై ఎనిమిది సాయంత్రం మేకప్ గదిలో ఫ్రోసో అగ్లాయకి జుట్టు ముడి వేస్తోంది. అనేస్తిస్ కాగితాలు తీసుకుపోవడానికి వచ్చాడు. ఫ్రోసో అతన్ని తలుపు బయటికి తీసుకుపోయింది. ఆమెకి డెబ్బై దాటాయి. నోట్లో సూదులు పెట్టుకునే మాట్లాడుతుంది.

"నాయనా, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"దాని బుర్రలో ఏమీ మిగల్లేదని తెలుసు. నువ్వు మాట పట్టి ఉంచుతున్నావనీ తెలుసు. పక్కనే నిలబడి ఉంటాగదా, చెవులు పోలేదు నాకు."

అనేస్తిస్ చేతిలో కాగితాలు వరసగా సర్దుకున్నాడు.

"అది నిన్ను మనిషిగా చూడలేదు. కాదన్నదెవరు? ఈ ఒక్క రాత్రి దాటించు. చలికాలం వేషం వస్తే ఇంకో ఆర్నెల్లు బతుకుతుంది. పోతే ఇంట్లో కూర్చుని ఎండిపోతుంది. అది నీ చేతిలో ఉంది."

"నా నోట్లో ఉంది" అన్నాడు.

"అందుకే అడుగుతున్నా. దాటిస్తావా?"

"నాటకంలో ఒక్క మాట తప్పు పోదు" అన్నాడు అనేస్తిస్.

ఫ్రోసో నమ్మింది. అతను అబద్ధం చెప్పలేదు మరి.

ఆ రాత్రి థియేటర్ నేలంతా పరిచిన కంకర మీద అదనపు కుర్చీలు వేశారు. మేడల మీద బాల్కనీల్లో కూడా జనం. ముప్పై ఏళ్ళలో అనేస్తిస్ అంత బాగా ఎప్పుడూ అందించలేదు. మాటతో పాటు ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ గొంతు దించాలో, ఎక్కడ నవ్వాలో అన్నీ అందించాడు. ఒక్కసారి కూడా పట్టి ఉంచలేదు. అగ్లాయ బూట్లు నేల మీద గట్టిగా, ధీమాగా తిరిగాయి. మూడో అంకంలో పాటకి నాలుగు వన్స్‌మోర్‌లు. రెనా తెర పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంది. ఫొకాస్ ముఖం మాడింది. వేషం ఇస్తానని పిల్లదానికి మాట ఇచ్చి ఉన్నాడు ముందే.

నాటకం అయింది. పూల బుట్టలు తెచ్చి స్టేజి మీద వరసగా పెట్టారు. నటుల సంఘం తరఫున ఒక ముసలి నటుడు ఏదో చదివాడు. తర్వాత అందరూ వెనక్కి జరిగారు. అగ్లాయ ఒక్కతే ముందుకొచ్చి గూటికి రెండడుగుల దూరంలో నిలబడింది. కంపెనీ రచయిత రాసిచ్చిన ధన్యవాదాల కాగితం అనేస్తిస్ ముందు ఉంది. పన్నెండు వాక్యాలు. పదకొండోది చలికాలం మాట.

అతను చదివాడు. "ఏథెన్స్ ప్రజలారా, నా తల్లిదండ్రులారా."

"ఏథెన్స్ ప్రజలారా, నా తల్లిదండ్రులారా" అంది అగ్లాయ. గొంతు బాల్కనీల దాకా వెళ్ళింది.

పది వాక్యాలు అలాగే సాగాయి. పదో వాక్యం అయ్యాక అనేస్తిస్ కాగితాన్ని బోర్లించాడు. తల ఎత్తి మొదటిసారి బూట్లని కాక ముఖాన్ని చూశాడు. ఆమె అతని పెదాల వైపు చూస్తోంది. నీళ్ళ కోసం చూసినట్టు చూస్తోంది.

"ఈ రాత్రి నా ఆఖరి రాత్రి" అన్నాడు.

"ఈ రాత్రి నా ఆఖరి రాత్రి" అంది.

జనంలో ఒక కదలిక. ఫ్రోసో తెర పక్కన నోట్లోంచి సూదులు తీసేసింది.

"చలికాలం నేను రాను. నా చోటు రెనాకి ఇస్తున్నాను."

అదీ అంది. చెయ్యి కూడా చాచింది రెనా వైపు, అందంగా. రెనా నోరు తెరుచుకుని నిలబడింది.

అక్కడితో ఆగవచ్చు. అతను అనుకున్నది అంతవరకే. కానీ ముప్పై ఏళ్ళలో మొదటిసారి సొంత మాట ఆ స్టేజి మీద నడుస్తోంది. ఆపలేకపోయాడు.

"వెళ్ళేముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నాకు ప్రతి మాటా ఇచ్చిన మనిషిని నేను మనిషిగా చూడలేదు. పరాయివాడి కోసం అతని పరువు తీశాను. అతని నెత్తిమీద బూటుతో కొట్టాను. పదిమందిలో నవ్వాను."

అగ్లాయ ఒక్కొక్క మాటే తీసుకుని పలికింది. ఆమె నోట్లో అవి అతను ఇచ్చినట్టు లేవు. అతను ఇచ్చింది కక్ష. ఆమె పలికితే అది పశ్చాత్తాపం అయింది. "బూటుతో కొట్టాను" అన్నప్పుడు గొంతు ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది. ముందు వరసలో ఒక పెద్దావిడ బావురుమంది. తర్వాత ఒకడు లేచాడు. తర్వాత అందరూ లేచారు. బాల్కనీల్లోంచి మల్లెపూలు పడ్డాయి. ఏడుస్తూ చప్పట్లు కొట్టారు. ఎంత గొప్ప మనసు అన్నారు. ఇంత పెద్ద నటి ఇలా పదిమందిలో ఒప్పుకోవడం ఎక్కడైనా ఉందా అన్నారు. ఆ మనిషి ఎవరని ఎవరూ అడగలేదు. గూటి వైపు ఎవరూ చూడలేదు.

మేకప్ గదిలో ఫొకాస్ ఆమె రెండు చేతులూ ముద్దు పెట్టుకున్నాడు. మోయాల్సిన బరువు ఎవరో దించి పోయినంత సంతోషంగా ఉన్నాడు. "ఏడిపించేశావమ్మా. తప్పుకోవడం అంటే ఇలా తప్పుకోవాలి."

అగ్లాయ పూల మధ్య కూర్చుని, కళ్ళు వెలుగుతుండగా, "లేచి నిలబడ్డారు చూశారా? ఎప్పుడూ అలా నిలబడలేదు" అంది. తర్వాత, "చలికాలం రిహార్సల్స్ ఏ రోజు నుంచి?" అంది.

ఫొకాస్ ఫ్రోసో వైపు చూశాడు. ఫ్రోసో అనేస్తిస్ వైపు చూసింది.

"నువ్వే గదా రానన్నావు" అన్నాడు ఫొకాస్.

"నేనా? ఎప్పుడన్నాను?"

"ఇప్పుడే. వెయ్యి మంది ముందు."

అగ్లాయ అద్దంలోంచి మొగుడిని వెతికింది. మాట కోసం వెతికినట్టే వెతికింది. "ఏమన్నాను నేను?"

"తప్పుకుంటున్నానన్నావు" అన్నాడు అనేస్తిస్.

"కాగితంలో అలా ఉందా?"

"లేదు. నేనిచ్చాను."

ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు. చేతిలో ఉన్న పౌడరు పఫ్‌ని బల్ల మీద పెట్టబోయింది, బల్ల ఎక్కడుందో తెలియనట్టు గాలిలో వదిలేసింది. ఫ్రోసో అనేస్తిస్ ముఖాన ఉమ్మేసింది. అతను జేబు రుమాలు తీసి తుడుచుకున్నాడు.

ఫొకాస్ మాత్రం పనిమంతుడు. "ఏమైనా జనం విన్నారు. అయిపోయింది. రేపు పేపర్లలో పడుతుంది. ఇప్పుడు మళ్ళీ వస్తానంటే నవ్వుతారు" అన్నాడు. రెనాని పిలవడానికి బయటికి వెళ్ళాడు.

తర్వాతది ఇంట్లో జరిగింది. కిప్సెలీ పేటలో మూడో అంతస్తు, రెండు గదులు. అక్టోబర్ వచ్చేసరికి అగ్లాయకి సన్మానం రాత్రి కూడా పోయింది. పొద్దున లేచి, ముఖం కడుక్కుని, "రిహార్సల్ ఎన్నింటికి?" అని అడిగేది.

అనేస్తిస్ చెప్పేవాడు. "రిహార్సల్ లేదు. నువ్వు స్టేజి మానేశావు. నేను మాన్పించాను."

అది ఆమెకి ప్రతి పొద్దునా కొత్త. ప్రతి పొద్దునా ముఖం అలాగే తెల్లబడేది. మంచం అంచు పట్టుకుని కూర్చునేది. గంట ఏడ్చేది. మధ్యాహ్నానికి మర్చిపోయి కిటికీ దగ్గర పాడేది. కింద కూరగాయల బండివాడు ఆగి వినేవాడు. మర్నాడు మళ్ళీ మొదలు.

మొదటి నెల అతను ఆ ఏడుపు చూడడం కోసమే లేచేవాడు. ఆమెకంటే ముందు లేచి, గడ్డం గీసుకుని, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, కళ్ళు తెరిచేదాకా కూర్చునేవాడు.

ఫ్రోసో ఉమ్మేసినా రావడం మానలేదు. రోజూ వచ్చి అగ్లాయకి తల దువ్వేది. ఒక రోజు అంది. "ఈ వేళ గుడ్ ఫ్రైడే, థియేటర్లన్నీ మూసేశారు అని చెప్పు. పోనీ జ్వరమొచ్చి ఆట ఆపారు అని చెప్పు. నీ సొమ్మేం పోతుంది?"

"ఉన్నమాట చెప్తున్నా."

"ఉన్నమాట నీకు ఆ రాత్రి గుర్తు రాలేదేం?"

"అది చేసిన పనికి ఇది శిక్ష" అన్నాడు అనేస్తిస్. "శిక్ష ఎందుకో దానికి తెలియాలి."

చిక్కు అక్కడే వచ్చింది. ఎందుకో ఆమెకి తెలియదు. "ఎందుకు మాన్పించావు?" అని అడిగితే కలమాతా అని చెప్పేవాడు. "కలమాతాలో ఏం జరిగింది?" అనేది. బూటు సంగతి, పంజరం సంగతి, గూటి మీద మూడు దెబ్బల సంగతి వరసగా చెప్పేవాడు. ఆమె కథ విన్నట్టు వినేది. మధ్యలో, "పాపం, ఆ గూట్లో వాడు" అనేది. "అలాంటి ఆడదాన్ని ఏం చేసినా పాపం లేదు" అని కూడా ఒకసారి అంది. ఆ ఆడది నువ్వే అంటే నమ్మేది కాదు. "ఛ, నేనలా చెయ్యను" అనేది. ఒట్టు వేసేది.

తొమ్మిదేళ్ళు దాచుకున్నది తీసి ఆమె ముందు పెడితే, తీసుకునే మనిషి ఇంట్లో లేదు.

అతను వదల్లేదు. పాత పెట్టెలన్నీ తిరగేశాడు. కంపెనీ ఫొటోలలో లినార్దోస్‌ది ఒకటి దొరికింది. నిలువెత్తు ఫొటో, పొడుగు, నూనె జుట్టు, రెండు రంగుల బూట్లు. బల్ల మీద పెట్టి దానికి పట్టిన దుమ్ము తుడిచాడు. ముఖం చూస్తే గుర్తొస్తుందని అతని ఆశ. గుర్తొచ్చి ఒక్కసారి తల దించుకుంటే చాలు, ఆ తర్వాత రోజూ చెప్పడం మానేద్దామనుకున్నాడు.

నవంబరులో ఒక పొద్దున ఫ్రోసో తల దువ్వుతుండగా ఆ ఫొటో తెచ్చి అగ్లాయ చేతిలో పెట్టాడు.

"చూడు. సరిగ్గా చూడు. ఎవరో చెప్పు."

అగ్లాయ ఫొటోని కిటికీ వెలుగు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. వేలితో ఫొటోలోని జుట్టుని సవరించింది. ఆ వేళ పొద్దున ఆమె ఏడవలేదు.

"ఎంత బాగున్నాడు" అంది. తల ఎత్తి సిగ్గుపడుతూ అడిగింది. "ఈయనేనా నా మొగుడు?"

ఫ్రోసో చేతిలో దువ్వెన ఆగింది.

"కాదు. నేను" అన్నాడు అనేస్తిస్.

అగ్లాయ అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. మర్యాదగానే చూసింది. తర్వాత ఫ్రోసో వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఎవరో పాపం పెద్దాయన, ఒక కాఫీ ఇచ్చి పంపించెయ్యి. నాకు రిహార్సల్ టైమవుతోంది" అంది.

ఫ్రోసో వంటింట్లోకి వెళ్ళి కాఫీ తెచ్చింది. అనేస్తిస్ నిలబడే తాగాడు.